ఒడిలో పడ్డ చలిమిడి

మా చిన్నత్తగారు నా ఒడిలో చలిమిడి ముద్ద పెట్టేనాటికి మా పాపకి ఏడాది దాటింది. నడుస్తోంది కూడా. ఆ సమయానికి ఆ ఇంట్లోనే గుమ్మం దగ్గర వంగి, వచ్చినవాళ్ళు విడిచిన చెప్పులు ఏరి ఒకచోట పోగేస్తోంది.

కొవ్వూరులో చిన్నత్తగారి కూతురికి శ్రీమంతం. చిన్నత్తగారంటే మా ఆయనకి పిన్ని. సూడిదలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళు వరసగా వెళ్ళి ఆ అమ్మాయికి గాజులు తొడిగి, గంధం రాసి, అక్షింతలు వేసి వస్తున్నారు. నేను గోడవారగా, నిలువు ఫ్యాను పక్కన నిలబడి ఉన్నాను. చిన్నత్తగారు పళ్ళెం పట్టుకుని కూతురి దగ్గర్నుంచి లేచి సరాసరి నా దగ్గరికి వచ్చి, "కూచో" అన్నారు. ఎందుకో అర్థం కాకుండానే కూచున్నాను. చున్నీ చెంగు పట్టమన్నారు. పట్టాను. అందులో చలిమిడి ముద్ద, రెండు అరటిపళ్ళు, తమలపాకులు పెట్టి, నాకు బొట్టు పెట్టి, చెవి దగ్గరికి వంగారు.

"కడుపుతో ఉన్న మనిషిని దాటించి చలిమిడి పళ్ళెం తీసుకెళ్ళకూడదే. నువ్వు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నావా?"

చెవిలో చెప్పారన్న మాటే గానీ ఆవిడ గొంతు అవతలి గట్టుకి వినపడుతుంది. గాజులు తొడుగుతున్నవాళ్ళ చేతులు ఆగాయి.

"లేదండీ అత్తయ్యగారూ, అలాంటిదేం లేదండీ" అన్నాను.

"సరేలే, లేదులే" అని నవ్వారావిడ.

పక్కనున్న పెద్దావిడ "ఎన్నో నెలమ్మా?" అంటూ ముందుకి జరిగింది. చిన్నత్తగారు అడ్డం వచ్చేశారు. "మూడు నిండేదాకా ఎవరు చెప్తారొదినా! అడక్కూడదు. రెండో కాన్పుకి పొట్ట ముందే కనపడిపోద్ది గానీ, మనం చూడనట్టే ఉండాలి. అదిగో, దాన్ని చూడండి."

అందరూ గుమ్మం వైపు చూశారు. మా పాప చెప్పు కోసం వంగి, కాళ్ళ సందులోంచి మా అందరినీ తలకిందులుగా చూస్తోంది. పిల్లలు అలా వంగి వెనక్కి చూస్తే తమ్ముడో చెల్లెలో వస్తున్నట్టు లెక్క. ఇక రుజువుతో పనిలేదు. హాలంతా నవ్వింది.

మా వైపు అదొక పద్ధతి. మూడో నెల నిండేవరకు కడుపుతో ఉన్నామని బయటపడకూడదు. ఎవరైనా అడిగితే లేదనే చెప్పాలి. అడిగినవాళ్ళు దాన్ని అవునని అర్థం చేసుకుని ఊరుకోవాలి. ఆ మర్యాదలో, నిజంగానే కడుపుతో లేని మనిషి ఆ సంగతి చెప్పుకోవడానికి దారి లేకుండా పోయింది. ఒడిలో పడ్డదాన్ని తిరిగి ఇవ్వడం కూడా ఉండదు. చలిమిడి తిన్నాను. బాగుంది, యాలకుల వాసన వేస్తూ.

వేరే రోజైతే నవ్వుకుని ఊరుకునేదాన్నేమో. కానీ ఆ వచ్చే సోమవారం నేను ఆఫీసులో పడవ డ్యూటీ అడగాల్సి ఉంది.

నాది రాజమండ్రిలో ఒక దినపత్రికలో పని. రోజూ కొవ్వూరు నుంచి బ్రిడ్జి మీదుగా వెళ్ళి వస్తాను. వానాకాలం గోదావరి పొంగితే, ఏటి మధ్య లంకల్లో ఉన్న ఊళ్ళకి అధికారులు పడవల్లో వెళ్తారు. వాళ్ళతో వెళ్ళి, ఎవరి పాకలోకి నీళ్ళు వచ్చాయో, ఎవరు గేదెని వదిలి రానంటున్నారో చూసి రాయడాన్ని మా ఆఫీసులో పడవ డ్యూటీ అంటారు. పాప పుట్టకముందు వరసగా కొన్నేళ్ళు అది నాదే. నేను అడిగి తీసుకున్నది. పాప పుట్టిన ఏడు వరదలకి మంచం మీద ఉన్నాను. నా బదులు కొత్తగా చేరిన రిపోర్టరు వెళ్ళాడు. ఆ ఏడు కూడా నేను వెళ్ళకపోతే అది అతనిదైపోతుంది. పత్రికాఫీసుల్లో ఒకసారి చెయ్యి మారిన డ్యూటీ వెనక్కి రావడం నేను చూడలేదు.

ఇంతకీ ఆ రోజు నేను వేసుకున్నది, పొట్ట కనపడకూడదని ఏరికోరి కొనుక్కున్న కుర్తా.

నాకు ఆపరేషన్ చేసి పాపని తీశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మా అమ్మ పాత నేతచీర ఒకటి చింపి, పొట్ట జారకుండా నడుముకి కట్టు కడతానని కూచుంది. కుట్లు మానేదాకా వద్దని డాక్టరుగారు చెప్పారు. కుట్లు మానేసరికి పాప పాల గొడవలో ఇద్దరం మర్చిపోయాం. ఆ తరువాత ఏ ఫోన్లో మాట్లాడినా అమ్మ చివరికి అక్కడికే వచ్చేది: "కట్టు కట్టనివ్వలేదుగా. ఇప్పుడు చూసుకో." పెనుగొండలో మా నాన్నగారి కిరాణా కొట్టుకి పప్పు కోసం వచ్చినవాళ్ళకి కూడా నా కట్టు సంగతి తెలుసు.

పొట్ట పెద్దదేం కాదు. బొడ్డుకి కింద, కుట్ల గీతకి పైన, పిండిముద్దలా మెత్తటి మడత. నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే వస్తుంది. చిక్కంతా బట్టలతో వచ్చింది. చీరకి కొలతలుండవు గానీ లంగాకి బొందు ఉంటుందిగా. బొందు పైకి కడితే మడత కిందికి జారి చీర మీద గుండ్రంగా తేలేది. కిందికి కడితే సరిగ్గా కుట్ల మీద పడి, సాయంత్రానికి దురద, మంట. జాకెట్లు పట్టవు. జీన్సు సంగతి సరే. కాబట్టి అన్నీ మానేసి లూజు కుర్తాల్లోకి దిగాను. మెయిన్ రోడ్డులో ఒక షాపులో అమ్మాయి ఛాతీ కింద నుంచి కుచ్చులు కుచ్చులుగా పరుచుకునే కుర్తా తీసి చూపించి, "ఇది వేసుకుంటే ఏదీ కనపడదు మేడమ్" అంది. నచ్చింది. అదే కుట్టు వేరే వేరే రంగుల్లో తెచ్చుకున్నాను. దాని మీద చున్నీ పొట్టకి అడ్డంగా లాక్కోవడం, బ్యాగు ముందుకి పట్టుకోవడం, మాట్లాడుతున్నంతసేపూ ఒక చెయ్యి పొట్ట మీద ఉంచడం అలవాటైంది.

తరువాత శ్రీమంతం ఫొటోల్లో చూశాను. ఫ్యాను గాలికి నా కుర్తా గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. దాని మీద నా చెయ్యి, లోపలున్నవాళ్ళకి జోకొడుతున్నట్టు. చిన్నత్తగారి తప్పేం లేదు. నేనైనా అలాగే రాసేదాన్ని.

ఆ సాయంత్రమే అమ్మ ఫోన్ చేసింది.

"చలిమిడి పెట్టారంట?"

"పొరపాటున పెట్టారమ్మా."

"పొరపాటేంటే? మొదటి చలిమిడి పుట్టింటివాళ్ళు పెట్టాలి. వాళ్ళు ముందు పెట్టేస్తే ఇక నేను పెట్టేదేంటి? అయినా కన్నతల్లికి చెప్పకుండా వాళ్ళకెలా చెప్పావే?"

"ఎవరికీ చెప్పలేదమ్మా. చెప్పడానికి ఏం లేదు. మొన్ననే బయట ఉన్నాను కూడా."

"కొందరికి మొదట్లో అలా కనపడద్దిలే. నా దగ్గర కూడానా నీ దాపరికాలు!" అని పెట్టేసింది.

సోమవారం మా ఇన్‌ఛార్జి గది తలుపు తట్టాను. ఆయన మంచి మనిషి. వాళ్ళావిడది కొవ్వూరే, శ్రీమంతానికి వచ్చి వెళ్ళిందట. నాకా సంగతి అప్పటికి తెలీదు.

"రండమ్మా, కూర్చోండి. ముందు కూర్చోండి." ఎప్పుడూ అంతగా కూర్చోమనే మనిషి కాదు.

"వరదల డ్యూటీ గురించండి..."

"ఈ ఏడు కూడా అతనే చూసుకుంటాడమ్మా. మీరు డెస్కులో ఉండండి. ఏసీ ఉంది. బాత్రూమ్ దగ్గర."

"సార్, మీకెవరో తప్పు చెప్పారండి."

"అబ్బే, నాకెవరూ ఏం చెప్పలేదండి" అని ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగారు. "నేనూ ఎవరికీ చెప్పను."

నేను మాట్లాడినంతసేపూ ఆయన క్యాలెండరే చూశారు. ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆయన చూపు ఎప్పుడూ మొహం దాటి కిందికి రాదు. అందుకే ఆయనంటే మాకందరికీ గౌరవం. ఆ రోజు మాత్రం, ఒక్కసారి సరిగ్గా చూడండి సార్ అని అరవాలనిపించింది. నా పొట్టని బట్టి నా డ్యూటీ నిర్ణయించిన మనిషి నా పొట్ట చూడలేదు.

వార్త మొదటి పేజీలో వస్తుంది, ఖండన లోపలెక్కడో మూల వస్తుంది. ఇన్నేళ్ళూ ఆ పని చేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. నోటిమాటతో ఈ వార్త పోదని తెలిసిపోయింది. ఇక మిగిలింది బట్టలు.

అక్కడి నుంచి మా ఇంట్లో పొద్దున్నలు పాడయ్యాయి. ఒకటి వేసుకోవడం, అద్దంలో పక్కకి తిరిగి చూసుకోవడం, విప్పడం, ఇంకోటి. మంచం మీద బట్టల కుప్ప. పాప ఆ కుప్పలో దూరి కుర్తా తలకి తగిలించుకుని దెయ్యంలా తిరిగేది. మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా, "నువ్వేది వేసుకున్నా బాగానే ఉంటావు" అనేవాడు.

"చూసి చెప్పు."

"చూడక్కర్లేదు. బాగానే ఉంటావు."

ఆఫీసులో ఒకరు, ఇంట్లో ఒకరు.

గంజి పెట్టిన నేతచీర నిటారుగా నిలబడుతుంది, మడత కనపడదు అనుకున్నాను. నిజమే, మడత కనపడలేదు. కుచ్చిళ్ళు మాత్రం గొడుగులా ముందుకి విచ్చుకున్నాయి. బ్రిడ్జి మీద బస్సులో ఒకావిడ లేచి, "కూచోమ్మా, కుదుపులు" అని సీటు ఇచ్చింది. కాదనడానికి నోరు తెరిచాను. అప్పటికి నా కాళ్ళు పీకుతున్నాయి. కూచున్నాను.

ఆ తరువాత లంగా బదులు వేసుకునే బిగుతు షేప్‌వేర్ ఒకటి తెప్పించాను. అద్దంలో నేను నాకే కొత్తగా కనపడ్డాను. బ్రిడ్జి మీద లారీ ఏదో ఆగిపోయి ట్రాఫిక్ నిలిచింది. వాన పడనూ లేదు, గాలి రానూ లేదు. నడుము నుంచి మోకాళ్ళదాకా చెమటతో అంటుకుపోయి, ఊపిరి పైపైనే ఆడింది. ఆఫీసుకి వెళ్ళగానే బాత్రూమ్‌లో దాన్ని ఒలుచుకుని బ్యాగులో కుక్కి, బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. అది చూసి ఆఫీసులో ఇంకొందరు రూఢి చేసుకున్నారని తరువాత తెలిసింది. వాంతులు అనుకున్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆలోచిస్తే తోచింది. నేను దాచినకొద్దీ వాళ్ళకి కనపడుతోంది. కడుపుతో ఉన్నప్పుడు నేను వేసుకున్న బట్టలవీ ఆ లూజు కుర్తాల కుట్టే, ఆ కుచ్చులే. ఆ బట్టల్లోంచి నేను ఇంకా బయటికి రాలేదు.

కొవ్వూరులో మా టైలరు దగ్గరికి వెళ్ళాను. కుచ్చులు లేని, నిలువు కుట్టు కుర్తా కావాలన్నాను. భుజాలు సరిగ్గా పట్టాలి, పక్క చీలిక కొంచెం పైనుంచే మొదలవ్వాలి.

"నడుం దగ్గర లూజు పెడతానండి" అన్నాడాయన టేపు తీస్తూ.

"వద్దండి. ఉన్న కొలతే పెట్టండి."

"పొట్ట కొట్టొచ్చినట్టు కనపడద్దండి."

"కనపడనివ్వండి."

"తరవాత నన్నంటారండి. బయట ఫలానా టైలరు పాడుచేశాడంటారు."

"మీ పేరు చెప్పనులెండి."

ఆయనకి నచ్చలేదు. కొలత రాసుకుంటూ కూడా గొణుగుతూనే ఉన్నాడు. లంగాలకి బొందు తీసేసి, నడుముకి నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ పట్టీ వేసి పక్కన హుక్కు పెట్టమన్నాను. దానికి మాత్రం తలూపాడు.

కుర్తా ముదురు నీలం, పలచగా వేలాడే నూలు. చున్నీ ఒక భుజం మీద నిలువుగా వేసుకున్నాను. అద్దంలో పక్కకి తిరిగితే మడత ఉంది. కానీ అది బిడ్డ ఉన్న పొట్టలా ముందుకి లేదు. బిడ్డ దిగిపోయిన పొట్టలా కిందికి ఉంది. చూసినవాళ్ళకి తేడా తెలుస్తుంది. ఆ రోజు ఆఫీసు మెట్లు ఎక్కేశాక గమనించాను, నా చెయ్యి పొట్ట మీదకి రాలేదని. బ్యాగు పక్కకే ఉంది. చాలా నెలల తరువాత రెండు చేతులూ ఊపుకుంటూ నడిచాను.

తిన్నగా ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్ళి ఆయనకి ఎదురుగా, పక్కగా, అన్నివైపులా నిలబడ్డాను. ఆయన క్యాలెండర్ చూశారు.

గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు ఆ కొత్త రిపోర్టరు అన్నవరం వైపు ఏదో రోడ్డు తెగిందని వెళ్ళి అక్కడే చిక్కుబడిపోయాడు. ఇన్‌ఛార్జి నన్ను పిలిచి, "గట్టు మీద నుంచే రాయండమ్మా. గట్టు దిగొద్దు" అన్నారు. నీలం కుర్తా వేసుకుని వెళ్ళాను. రేవులో పడవ సిద్ధంగా ఉంది. పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు ఎక్కిస్తున్నారు. ఒక రెవెన్యూ ఉద్యోగి అందరికీ నారింజ రంగు లైఫ్‌జాకెట్లు పంచుతున్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. నేను గట్టు దిగాను.

బెల్టు పొట్ట మీదుగా లాగి బిగించుకున్నాను. పట్టింది. పడవలో కూచుని చుట్టూ చూస్తే, ఆ జాకెట్లలో మగవాళ్ళందరూ నెలలు నిండినట్టున్నారు. నాకు నవ్వొచ్చింది. నీళ్ళు ఎర్రగా, ఒడ్డుని నాకుతూ పోతున్నాయి. ఆ వాసన నాకు తెలుసు.

అప్పుడు ఆ ఉద్యోగి ఫోన్ మోగింది. విని, నా వైపు తిరిగాడు.

"మేడమ్, మీ ఆఫీసు నుంచండి. మిమ్మల్ని ఎక్కించొద్దంటున్నారు. వట్టి మనిషి కాదంట కదండి."

"నేను బాగానే ఉన్నానండి. మా పాప పుట్టి ఏడాది దాటింది."

"అవునండి, రెండోసారే జాగ్రత్తగా ఉండాలండి. మా ఇంట్లోనూ అంతే."

"అలాంటిదేం లేదండి. నన్ను చూడండి, చూస్తే తెలుస్తుంది."

ఆయన నీళ్ళ వైపు చూశాడు. పడవలో అందరూ నీళ్ళ వైపే చూశారు. నేను ఎక్కేటప్పుడు ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. దిగేటప్పుడు నాలుగు చేతులొచ్చాయి. జాకెట్టు విప్పి ఇచ్చేసి, పడవ మలుపు తిరిగేదాకా గట్టు మీద నిలబడ్డాను. మర్నాడు నా వార్త వచ్చింది. తప్పులేం లేవు. లంకలో మనుషులు మాత్రం అందులో లేరు.

చిన్నత్తగారి కూతురికి కొడుకు పుట్టాడు. బారసాలకి పిలిచారు. చిన్నత్తగారి లెక్క ప్రకారం అప్పటికి నేను నిండుగా కనపడాలి. నేను ఉప్పాడ చీర కట్టుకున్నాను. పట్టీ వేసిన లంగా మీద కుచ్చిళ్ళు తక్కువ పెట్టి కొంచెం ఎడమపక్కకి దోపి, పైట పిన్ను పెట్టకుండా వదిలాను. కొత్త జాకెట్టు. బాగున్నానని నాకు తెలుస్తోంది. మా ఆయన కూడా ఫోన్ దించి చూశాడు. ఫ్యానుకి దూరంగా, గది మధ్యలో నిలబడ్డాను. చూసుకోండి, ఉన్నది ఇంతే, ఇది పాత పొట్ట అన్నట్టు.

చిన్నత్తగారు చూశారు. కింది నుంచి పైకి, నిదానంగా చూశారు. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. ఆవిడ గొంతు అంత సన్నగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు.

"ఎప్పుడైందే? ఒక్క మాటైనా చెప్పలేదేంటి? ఒక్కదానివే భరించావా?"

"ఏం కాలేదండీ అత్తయ్యగారూ. అసలు లేనే లేదు. ఆ రోజే చెప్పాను కదండీ."

ఆవిడ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

"సరేలే," అన్నారు, "లేదులే."

నా సుఖప్రసవం కోసం ఆవిడ అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకున్నారట. ఆ మొక్కు పోదని, మళ్ళీ వచ్చేదానికి అది అలాగే ఉంటుందని చెప్పారు. వేడన్నంలో నెయ్యి వేసి, నా ఎదురుగా కూచుని తినిపించారు. ఆవిడకి నా మీద అంత ప్రేమ ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. ఇంకోసారి కాదనలేకపోయాను.

ఆ తరువాత అమ్మ కట్టు సంగతి ఎత్తడం మానేసింది. కొట్టుకొచ్చినవాళ్ళకి ఏం చెప్పిందో తెలీదు. ఇన్‌ఛార్జి మా ఆఫీసులో ఇంకెవరితోనూ మాట్లాడనంత మెత్తగా నాతో మాట్లాడుతున్నారు. బట్టలతో మాత్రం నాకిప్పుడు పేచీ లేదు. కుచ్చుల కుర్తాలన్నీ ఇచ్చేశాను. టైలరు దగ్గర నా కొలత రాసే ఉంది, వెళ్ళి గుడ్డ ఇచ్చి వస్తే చాలు. పొద్దున్న పది నిమిషాల్లో తయారై బస్సెక్కుతున్నాను. ఎవరూ సీటు ఇవ్వడం లేదు.

ఈ ఏడు వానలు పడగానే మళ్ళీ ఆ గది తలుపు తట్టాను.

"పడవ డ్యూటీ సార్."

"ముందు ఆరోగ్యం చూసుకోండమ్మా" అన్నారు క్యాలెండర్ వైపు తిరిగి. "తొందరేముంది? చూద్దాం."

గోదావరికి మొన్న ఎర్రనీళ్ళు వచ్చాయి. పడవలో ఎవరు వెళ్తారో ఆయన ఇంకా చెప్పలేదు.